వాంతి వచ్చాక వేసుకుందామని ఆ మాత్ర దాచిపెట్టకండి

క్యాన్సర్‌కి కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు వాంతి కాలేదు. "బాగానే ఉంది కదా, అవసరమైతే వేసుకుందాం" అని, చీటీలో రాసిచ్చిన మాత్రలు పక్కన పెట్టేస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. వాంతి రాకుండా చూడడానికే అవి ఇచ్చారు. వచ్చాక వేసుకుంటే ఒక్కోసారి ఆ మాత్ర కూడా కడుపులో నిలవదు.

పొయ్యి మీద పాలున్నాయనుకోండి. పొంగకముందే మంట తగ్గిస్తాం. పొంగి పొయ్యంతా పారాక తగ్గిస్తే ఏం లాభం?

కీమోలో ఈ పాల కింద రెండు మంటలుంటాయి. మొదటిది పేగుల్లో. కీమో మందు తగలగానే పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది నరం ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. మొదటి 24 గంటల్లో దీనిదే జోరు. ఆన్‌డాన్‌సెట్రాన్, పాలనోసెట్రాన్ లాంటివి ఈ మంటను తగ్గిస్తాయి.

రెండో మంట మెదడులో. అది సబ్‌స్టెన్స్ పి అనే ఇంకో రసాయనం. ఇది నిదానంగా రాజుకుంటుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్ళకి రెండో రోజు, మూడో రోజు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. మొదటి మంటకిచ్చిన మందు దీని మీద అంతగా పనిచేయదు. అందుకే అప్రెపిటెంట్ క్యాప్సూల్: కీమోకి గంట ముందు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80 చొప్పున. రెండో రోజు పాలు కదలకుండా ఉన్నాయంటే మంట ఆరిపోయిందని కాదు, ఆ క్యాప్సూల్ దాన్ని అణిచిపెట్టి ఉంచింది.

ముందుజాగ్రత్త మందులు లేకుండా సిస్‌ప్లాటిన్ ఇస్తే నూటికి 90 మందికి పైగా వాంతులవుతాయి. ఇంత మంచి మందులు చేతికొచ్చాక కూడా మనిషి అవస్థ పడడం నేను ఒప్పుకోలేను. "వాంతులైతేనే మందు ఒంటికి పట్టినట్టు" అనే మాట కూడా నిజం కాదు. రెండింటికీ సంబంధం లేదు.

ఇంకో చిక్కు, వాంతులు రాకుండా ఇచ్చే ఓలాంజపిన్ మాత్రతో. ఫోన్లో వెతికితే మానసిక వ్యాధుల మందు అని చూపిస్తుంది. ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడి ఆపేస్తారు. తక్కువ మోతాదులో అది వికారాన్ని బాగా అదుపు చేస్తుంది. నిద్రమత్తు మాత్రం ఉంటుంది. 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 సరిపోతుందా అని ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో పరీక్షించి చూశారు. సరిపోయింది, మత్తు కూడా తగ్గింది. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి.

మొదటి కీమోకే గట్టిగా కాపాడుకోవాలి. అప్పుడు బాగా వాంతులైన కొందరికి తర్వాతిసారి ఆస్పత్రి వాసన తగిలితే చాలు, సెలైన్ పెట్టకముందే కడుపులో తిప్పుతుంది. అది మొదలైతే మాన్పడం కష్టం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. బస్సెక్కితే వాంతయ్యేవాళ్ళు, వేవిళ్ళు ఎక్కువ పడ్డవాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. షుగర్ ఉంటే అదీ చెప్పండి, వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ షుగర్ పెంచుతుంది. ఆన్‌డాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది, దానికీ మందు అడగండి. అన్ని కీమోలకూ ఇన్ని మందులు అక్కర్లేదు, కాబట్టి పక్క బెడ్ వాళ్ళ చీటీతో పోల్చుకోకండి. కొద్దికొద్దిగా తినండి, వేడివేడి కూరల వాసన పడకపోతే చల్లారిన పెరుగన్నం మేలు. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఆస్పత్రికి ఫోన్ చేయండి.