పక్కవాళ్ల పాఠం కూడా వినండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పొద్దున్నించి కుర్చీలు సర్దుతూ తిరుగుతున్న పిల్లలకు కూడా. నన్ను గాత్ర శిక్షణ గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక టీచరమ్మ గురించి చెప్పనివ్వండి.

ఆవిడ పేరు ఎల్విరా డి హిడాల్గో, స్పెయిన్ దేశస్థురాలు. ఒపెరాలో, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకంలో, సొప్రానో, అంటే ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికంటే పై స్థాయిది. 1908లో ఇటలీలోని నేపుల్స్‌లో, 'బార్బర్ ఆఫ్ సెవిల్' ఒపెరాలోని రోసినా పాత్రతో రంగం మీదికొచ్చారు, 1910కల్లా న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడారు. ఒపెరాలో మైకు పెట్టరు. కింద అంత ఆర్కెస్ట్రా మోగుతుంటే గొంతు దాన్ని దాటి చివరి వరస దాకా వెళ్లాలి. మైకులు రాకముందు మన పద్యనాటకాల వాళ్లు చేసిందీ ఇదే. అరిస్తే రెండో అంకానికే గొంతు పోతుంది. ఊపిరిని పొదుపుగా వాడటం తెలియాలి. మన పిల్లలు మైకు నోట్లో పెట్టుకున్నట్టు పాడుతున్నారే, దాని మీద ఇంకోసారి మాట్లాడతాను.

తర్వాతి రోజుల్లో హిడాల్గో ఏథెన్స్ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, పాఠాలు చెప్పారు. అక్కడికి దళసరి కళ్లద్దాల అమ్మాయి ఒకతె వచ్చింది, తర్వాత ప్రపంచమంతా పేరుపొందిన ఒపెరా గాయని మరియా కల్లాస్. పెద్ద గొంతు, కానీ అదుపు లేదు. అలాంటి గొంతు దొరికితే వెంటనే బరువైన పాత్రలు పాడించాలనిపిస్తుంది. హిడాల్గో మాత్రం తేలిక పాటలు, వేగంగా పరిగెత్తే స్వరాలు సాధన చేయించారు, గొంతు బిగుసుకుపోకూడదని. దాని ఫలితం 1949 జనవరిలో వెనిస్‌లో తెలిసింది. వాగ్నర్ అనే స్వరకర్త ఒపెరాలో బ్రున్‌హిల్డె అనే ఎంతో బరువైన పాత్ర పాడుతోంది కల్లాస్. ఇంకో గాయని జబ్బు పడితే, బెల్లీని అనే స్వరకర్త ఒపెరాలోని ఎల్విరా పాత్ర (పేరు గురువుగారిదే, మనిషి వేరు) ఆమెకే ఇచ్చారు. అప్పట్లో అది తేలిక గొంతుల వాళ్లు పాడే పాత్ర. వారం తిరక్కుండా నేర్చుకుని పాడింది.

నేను చెప్పాలనుకున్నది ఇది కూడా కాదు. ఏథెన్స్‌లో నేర్చుకునే రోజుల్లో కల్లాస్ పొద్దున పది గంటలకు క్లాసుకొస్తే సాయంత్రం దాకా కదిలేది కాదట. తన పాఠం అయిపోయినా కూర్చుని మిగతా అందరి పాఠాలూ వినేది. అంతగా రాని వాళ్ల దగ్గర కూడా నేర్చుకునేది ఉంటుందని తర్వాత తనే చెప్పింది. గురువుగారు కూర్చోనిచ్చారు. చూడండి, కూర్చోనిచ్చారు!

నేను ఒక సంగీత పాఠశాలలో చెప్పేదాన్ని. పిల్లకు అరగంట, బెల్లు, తర్వాతి పిల్ల. ఒకరోజు ఒకమ్మాయి తన పాఠం అయ్యాక గోడకు ఆనుకుని కూర్చుంది. ఒకబ్బాయి మోహన రాగంలో వర్ణం, అంటే సాధనకు పాడే పాట, అందుకున్నాడు. చిట్టస్వరాలు, అంటే పాటలోని స్వరాల వరసలు, రెండో కాలంలోకి, రెట్టింపు వేగంలోకి, వచ్చేసరికి, ఎప్పుడూ లాగే, ఊపిరి అందక తాళం తప్పాడు. ఈ అమ్మాయి మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ, వాడు ఆగినచోటే తనూ ఆగి, వాడికంటే ముందు ఊపిరి తీసుకుంది. నెల రోజులుగా నేను నోటితో చెబితే ఆ అమ్మాయికి ఎక్కని సంగతి అది. ఇంతలో ఆఫీసు నుంచి మనిషి వచ్చి, టైం అయిపోయిన వాళ్లు గదిలో ఉండకూడదని అమ్మాయిని బయటికి పంపేశారు. ఫీజు కట్టింది అరగంటకేనట. నేను అడిగితే రూల్ అన్నారు. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆన్‌లైన్ క్లాసుల్లో అయితే మరీ. తన వంతు కాగానే కెమెరా ఆపేసి పోతారు.

అందుకే ఈ పాఠశాల పెద్దలను అడుగుతున్నాను. విజయదశమికి కొత్త బ్యాచ్ పెడుతున్నారు కదా, గదిలో ఇంకో చాప వేయండి. వినడానికి వచ్చిన పిల్లను లేపకండి, దానికి ఫీజు అడక్కండి. అమ్మానాన్నలూ, మీకు కూడా చెబుతున్నా. అరగంట కాగానే స్కూటర్ హారన్ కొట్టకండి. వారానికి ఒక్కరోజైనా పిల్లను సాయంత్రం దాకా ఇక్కడే వదిలిపెట్టండి. టిఫిన్ డబ్బా ఇచ్చి పంపండి చాలు.