పెద్దాసుపత్రికి కొత్త సూపరింటెండెంట్ వచ్చాక: వరండాలో స్ట్రెచర్లు తగ్గాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

[తెర మీద: ఉదయం 11 గంటలు. క్యాజువాలిటీ వరండా. గోడ పొడవునా స్ట్రెచర్లు. కెమెరా అక్కణ్నుంచి మెట్లెక్కి నాలుగో అంతస్తు వార్డులోకి వెళ్తుంది.]

వాయిస్: కింద వరండాలో స్ట్రెచర్ మీద పడుకున్న మనిషిని డాక్టరు చూశారు. సెలైన్ ఎక్కుతోంది. అడ్మిషన్ కూడా రాసేశారు. మంచం మాత్రం లేదు. సరిగ్గా అదే సమయానికి పైన నాలుగో అంతస్తులో, పొద్దున రౌండ్స్‌లోనే "ఇంక ఇంటికి వెళ్లొచ్చు" అని చెప్పించుకున్న మనిషి సంచీ సర్దుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. డిశ్చార్జ్ సమ్మరీ రాలేదు, మందులు రాలేదు. అవి వచ్చేసరికి మధ్యాహ్నం 3 దాటుతుంది.

ఆసుపత్రికి కొత్త అధిపతి వస్తే మొదట పట్టుకోవాల్సింది ఈ నాలుగు గంటలని. ఆకస్మిక తనిఖీలు, కొత్త బోర్డులు, గోడలకు రంగులు ఎలాగూ జరుగుతాయి. అవి అక్కర్లేదని కాదు. శుభ్రమైన బాత్రూము, దారి సరిగ్గా చూపే బోర్డు రోగికి పెద్ద ఊరట. కానీ వాటితో స్ట్రెచర్ల వరస కదలదు.

[తెర మీద: ఒక బల్ల, రెండు కుర్చీలు, మధ్యలో ఫైళ్లు. అక్షరాలు: ఛార్జ్ అప్పగింత]

వాయిస్: మెరుగుపరచడం తర్వాతి సంగతి. ముందు ఉన్నది ఆగకూడదు. అధికారి మారిన మొదటి వారాల్లో వచ్చే ఇబ్బందులు చాలావరకు పాత అధికారి తలలోనే ఉండిపోయిన విషయాల వల్ల వస్తాయి.

సంతకం సంగతే చూడండి. బిల్లులు పాస్ చేసే అధికారం, బ్యాంకులో నమూనా సంతకం, డిజిటల్ సంతకం, ఇవన్నీ కొత్త పేరు మీదకు మారేదాకా చెల్లింపులు ఆగుతాయి. చెల్లింపు ఆగిన సరఫరాదారు తర్వాతి లోడు ఆలస్యం చేస్తాడు. ఆ దెబ్బ వారాల తర్వాత ఏ గ్లవ్స్ దగ్గరో, సిరంజీల దగ్గరో, డయాలిసిస్ గొట్టాల దగ్గరో తగులుతుంది. అప్పటికి దాని మూలం సంతకంలో ఉందని ఎవరికీ తట్టదు. అందుకే ఛార్జ్ తీసుకున్న రోజే సంతకం మార్పిడి కాగితాలు కదలాలి.

రెండోది యంత్రాల మెయింటెనెన్స్ ఒప్పందాలు. సీటీ స్కాన్, వెంటిలేటర్లు, అనస్థీషియా యంత్రాలు, లిఫ్టులు, జనరేటర్లు: ఒక్కోదాని ఒప్పందం ఏ తేదీన ముగుస్తుందో ఒకే కాగితం మీద ఉండాలి. గడువు దాటిన యంత్రం చెడిపోతే కంపెనీ ఇంజనీరు రాడు. కొత్త ఒప్పందానికి టెండరు నుంచి మొదలుపెట్టాలి.

మూడోది ఆక్సిజన్. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

[తెర మీద: ద్రవ ఆక్సిజన్ ట్యాంకు, పక్కన సిలిండర్ల మానిఫోల్డు. అంకెలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

వాయిస్: నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ తీసుకునే ఒక్క రోగికి రోజుకు 14,400 లీటర్లు కావాలి. పెద్ద సిలిండర్, అంటే డి-టైపులో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. ఒక్క మనిషికే రోజుకు రెండు సిలిండర్లు చాలవు. ట్యాంకులోని ఒక లీటరు ద్రవం వాయువుగా మారితే సుమారు 860 లీటర్లు అవుతుంది. అలాంటి రోగులు 100 మంది ఉంటే రోజుకు దాదాపు 1,675 లీటర్ల ద్రవం ఖర్చవుతుంది. కొత్త సూపరింటెండెంట్ "ఆక్సిజన్ సరిపడా ఉందా?" అని అడిగితే "ఉంది సార్" అనే జవాబే వస్తుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇప్పుడున్న వాడకానికి ట్యాంకు ఎన్ని గంటలు వస్తుంది? ఆర్డరు పెట్టాక ట్యాంకరు ఎన్ని గంటల్లో చేరుతుంది? ట్యాంకు ఖాళీ అయితే మానిఫోల్డు, అంటే ఒకే గొట్టానికి కలిపిన సిలిండర్ల వరస, ఎన్ని గంటలు నడుస్తుంది? రాత్రి 2 గంటలకు వాల్వు తిప్పి సిలిండర్ల మీదకు మార్చడం వచ్చిన మనిషి ఏ షిఫ్టులో ఎవరు? నాలుగింటికీ అంకెలతో, పేర్లతో జవాబు రాకపోతే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దీన్ని సరిచేయాలి. ఇందులో తప్పు జరిగితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

[తెర మీద: రోగి చేతిలో ఓపీ చీటీ, దానికి పిన్ను చేసిన చిన్న రంగు కాగితం. దాని మీద గంటలు పడుతున్నాయి: 8:10, 9:35, 10:50...]

వాయిస్: ఇప్పుడు ఓపీ. ఏదైనా మార్చేముందు కొలవాలి. పెద్ద సాఫ్ట్‌వేరు కోసం ఆగక్కర్లేదు. ఒక వారం పాటు, సోమవారం తప్పకుండా ఉండేలా, 200 మంది రోగుల చీటీలకు రంగు కాగితం పిన్ను చేయండి. గేటు దగ్గర, రిజిస్ట్రేషన్ దగ్గర, డాక్టరు గది ముందు, ల్యాబ్ దగ్గర, ఫార్మసీ దగ్గర, అంటే ప్రతి మెట్టులోనూ చేరిన సమయం, బయటపడిన సమయం రాయించండి. చివర్లో ఆ కాగితాలు వెనక్కి తీసుకోండి. రోగి నిజంగా డాక్టరు ముందు గడిపింది ఎన్ని నిమిషాలు, గోడకు ఆనుకుని నిలబడింది ఎన్ని గంటలు, అన్నీ వాటిలో తేలిపోతాయి.

లెక్క తీసేటప్పుడు సగటును నమ్మకండి. పది మందిలో తొమ్మిది మంది 20 నిమిషాలు, ఒకరు 4 గంటలు ఆగారనుకోండి. సగటు 42 నిమిషాలు వస్తుంది. ఆ పది మందిలో 42 నిమిషాలు ఆగినవారు ఒక్కరూ లేరు. "సగం మంది ఎంతలోపు బయటపడ్డారు, పదిలో తొమ్మిది మంది ఎంతలోపు బయటపడ్డారు" అనే రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే, ఎక్కడ ఎవరు నలిగిపోతున్నారో తెలుస్తుంది. వరసలో చివర చిక్కుకునేది తరచూ వృద్ధులు, ఒంటరిగా వచ్చినవారు, చదువురానివారు. అందుకే ఆ రెండో అంకెను వదలొద్దంటున్నాం.

జనం ఎంతమంది ఉన్నారన్నది కూడా సమయం లెక్కే. గంటకు 120 మంది వస్తూ, ఒక్కొక్కరు లోపల రెండున్నర గంటలు గడిపితే, ఎప్పుడు చూసినా హాల్లో 300 మంది ఉంటారు. ఆ సమయం గంటన్నరకు దిగితే 180 మందే ఉంటారు. కొత్త హాలు కట్టలేదు, కొత్త కుర్చీలు వేయలేదు. ఈ సూత్రాన్ని 1961లో జాన్ లిటిల్ గణితంగా రుజువు చేశారు. ఆసుపత్రికైనా, బ్యాంకుకైనా ఇది వర్తిస్తుంది.

రిజిస్ట్రేషన్ దగ్గర రద్దీకి మామూలు కారణం అందరూ ఒకే గంటలో రావడం. ఒక మనిషికి 3 నిమిషాలు పడితే 5 కౌంటర్లు గంటకు 100 మందిని పంపగలవు. మొదటి గంటలోనే 300 మంది వస్తే చివర వచ్చినవాళ్లు 2 గంటలు నిలబడాల్సిందే. ఇక్కడ కంప్యూటర్లు పెంచడం కంటే ముందు చేయాల్సినవి: కౌంటర్లు ఒక గంట ముందే తెరవడం, బీపీ, షుగర్ మందుల కోసం నెలనెలా వచ్చే పాత రోగులకు వేరే కౌంటరూ వేరే వేళా ఇవ్వడం, ఐదు కౌంటర్లకూ కలిపి ఒకే వరస పెట్టడం. ఒకే వరస ఉంటే, ఒక కౌంటర్లో ప్రింటరు ఆగినా ఆ వెనక ఉన్నవాళ్లు మాత్రమే నష్టపోరు.

[తెర మీద: వార్డు. గోడ గడియారం 7 నుంచి 3 దాకా వేగంగా తిరుగుతుంది. మంచం మీది మనిషి అక్కడే ఉన్నాడు.]

వాయిస్: మళ్లీ నాలుగో అంతస్తుకు వద్దాం. అసలు పని ఉన్నది ఇక్కడే.

1,000 మంచాల ఆసుపత్రిలో ఒక్కో రోగి సగటున 5 రోజులు ఉంటే, రోజుకు 200 మంది వెళ్లి 200 మంది వస్తారు. అదే నాలుగున్నర రోజులైతే రోజుకు 222 మందిని చేర్చుకోవచ్చు. ఐదు రోజుల లెక్కన అంతమందిని చూడాలంటే 111 మంచాలు అదనంగా కావాలి. అర రోజు విలువ అంత. అయితే మందు తగ్గించి, కోలుకోని మనిషిని ముందే పంపేసి సాధించే అర రోజు గురించి కాదు ఈ మాట. వైద్యం అయిపోయాక కాగితం కోసం కూర్చున్న అర రోజు గురించి.

ఎక్కడ ఆగుతోంది? రౌండ్స్ 9 గంటలకు మొదలై, కొత్త రోగుల దగ్గర ఎక్కువసేపు సాగి, ఇంటికి వెళ్లాల్సిన వారి దగ్గరకు వచ్చేసరికి 11 అవుతుంది. "పొద్దుటి రక్త పరీక్ష చూసి పంపుదాం" అంటారు. ఆ రక్తం తీసిందే 9 గంటలకు. వార్డులన్నిటి శాంపిళ్లూ ఒకేసారి ల్యాబ్ మీద పడ్డాయి, రిపోర్టు 1 గంటకు వస్తుంది. సమ్మరీ రాయాల్సిన జూనియర్ డాక్టరు అప్పటికి ఆపరేషన్ థియేటర్లో ఉంటారు. మందుల ఇండెంటు, అంటే కావాల్సిన మందులు రాసి పంపే చీటీ, భోజన విరామం తర్వాత వెళ్తుంది. ఇందులో సోమరి ఎవరూ లేరు. అందరూ పరుగెత్తుతూనే ఉన్నారు, పనుల వరస మాత్రం తిరగబడింది. సిబ్బందిని తిట్టి దీన్ని సరిచేయలేమని గట్టిగా చెప్పడానికే ఇంత వివరంగా చెబుతున్నాం.

వరస ఇలా మార్చాలి. చేరిన 24 గంటల్లోపే కేస్ షీట్ మీద "ఎప్పటికి వెళ్లొచ్చు" అన్న అంచనా తేదీ రాయాలి. రోజూ దాన్ని సవరించొచ్చు, ఖాళీగా మాత్రం వదలకూడదు. రోగి బంధువులకూ అదే తేదీ చెప్పాలి. వాహనం, డబ్బు, ఇంట్లో చూసుకునే మనిషి, వాళ్లూ ఏర్పాటు చేసుకోవాలి కదా. ముందురోజు సాయంత్రం 5 గంటలకు వార్డు నర్సు, జూనియర్ డాక్టరు కలిసి రేపు వెళ్లేవారి జాబితా రాయాలి. ఆ రాత్రే సమ్మరీ ముసాయిదా, మందుల ఇండెంటు పూర్తి కావాలి. వాళ్ల రక్తం మర్నాడు ఉదయం 6 లోపు తీసి ముందుగా ల్యాబ్‌కు పంపాలి. రౌండ్స్‌లో ప్రాణాపాయంలో ఉన్నవారిని మొదట, వెంటనే ఇంటికి వెళ్లేవారిని తర్వాత, మిగిలినవారిని ఆ తర్వాత చూడాలి. మంచం ఖాళీ అయిన క్షణం, శుభ్రం చేసిన క్షణం, కొత్త రోగి వచ్చిన క్షణం, మూడూ వార్డు బోర్డు మీద రాయాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వార్డులో నర్సులు తక్కువ ఉన్నప్పుడు ఖాళీ అయిన మంచం సంగతి కిందకు ఆలస్యంగా చెప్పడం సహజం. మంచం చెప్పిన మరుక్షణం ఇంకో రోగి వస్తాడు, చేతులు అవే రెండు. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూసి మెమో ఇస్తే దాచడం ఇంకా పెరుగుతుంది. ఉదయం 10 నుంచి 2 దాకా డిశ్చార్జ్ పనులకే ఒక అదనపు మనిషిని వార్డుకు ఇస్తే ఖాళీ సంగతి వెంటనే కిందకు వస్తుంది.

మంచాలు నూటికి నూరూ నిండి ఉంటే ఆసుపత్రి బాగా నడుస్తోందని అనుకోకండి. సగటున 85 శాతం దాటితే మంచం దొరకని ప్రమాదం మొదలవుతుందని, 90 శాతం పైన తరచూ సంక్షోభాలు వస్తాయని 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక అధ్యయనం లెక్కగట్టి చూపించింది. అత్యవసరాలు సగటు చూసుకుని రావు కదా.

[తెర మీద: క్యాజువాలిటీ గేటు. ఐదు రంగుల పట్టీలు.]

వాయిస్: మంచాలు కదిలేదాకా గేటు దగ్గర ట్రయాజ్, అంటే తీవ్రతను బట్టి ఎవరిని ముందు చూడాలో తేల్చే పని, గట్టిగా ఉండాలి. మాంచెస్టర్ పద్ధతిలో ఎరుపు అంటే వెంటనే, నారింజ 10 నిమిషాల్లో, పసుపు 60, ఆకుపచ్చ 120, నీలం 240 నిమిషాల్లో చూడాలి. వేచి ఉన్నవారిని మళ్లీ మళ్లీ చూడటం మర్చిపోతే ఈ పద్ధతి విఫలమవుతుంది. గంట క్రితం పసుపు పట్టీ వేసుకున్న మనిషి ఇప్పుడు ఎరుపులో ఉండొచ్చు.

[తెర మీద: ఆపరేషన్ థియేటర్. కత్తి పెట్టేముందు బృందం అంతా ఒక్క క్షణం ఆగి, ఒకరొకరుగా పేర్లు చెప్పుకుంటారు.]

వాయిస్: కొత్త అధిపతి ఇచ్చే ఆదేశం ఎంతవరకు పనిచేస్తుంది? దీనికి మంచి ఉదాహరణ ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టు. మొత్తం 19 అంశాలు. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, థియేటర్ వదిలేముందు, మూడుసార్లు ఆగి చూసుకోవాలి. 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో ప్రయత్నిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ ఎనిమిదిలో న్యూఢిల్లీ ఆసుపత్రి కూడా ఉంది. తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అదే చెక్‌లిస్టు పెట్టారు. దాదాపు అన్ని ఆపరేషన్లలోనూ వాడుతున్నామని ఆసుపత్రులు రాసిచ్చాయి. 2014లో ఫలితాలు చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాగితం అదే, ఫలితం వేరు. ఈ తేడా ఎందుకన్న దాని మీద వైద్యుల్లో చాలా చర్చ జరిగింది. మా అభిప్రాయం ఇది: టిక్కులు పెట్టడానికి ఒక్క సంతకం చాలు. కానీ రక్తం అద్దడానికి వాడిన స్పాంజిలు లెక్కపెట్టే జూనియర్ నర్సు "సార్, ఒక స్పాంజి లెక్క తేలడం లేదు" అంటే సీనియర్ సర్జన్ కుట్లు ఆపి నిలబడాలి. అలా నిలబడటం ఆర్డరు కాపీతో రాదు. సూపరింటెండెంట్ తానే వారానికి ఒక ఉదయం థియేటర్లో నిలబడి చూడాలి. లెక్క అడిగిన నర్సు మీద ఎవరైనా విసుక్కుంటే, ఆ రోజే ఆ సర్జన్‌తో మాట్లాడాలి.

[తెర మీద: పాత చిత్రం, వియన్నా జనరల్ హాస్పిటల్. తర్వాత నీళ్ల పళ్లెం, చేతులు.]

వాయిస్: వియన్నా పెద్దాసుపత్రిలో 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు ప్రసూతి వార్డులో డాక్టర్లు, విద్యార్థులు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన తల్లుల మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరకు పడిపోయాయి. 1849లో ఆయన పదవీకాలాన్ని పొడిగించలేదు. తన పద్ధతిని పుస్తకంగా వేసింది 1861లో. పని మొదలుపెట్టిన 14 ఏళ్లకు! ఆ మధ్యలో యూరప్ ప్రసూతి వార్డుల్లో ఎందరు తల్లులు పోయారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పనిచేసిన మార్పును, చేసిన మనిషి వెళ్లేలోపే రాసిపెట్టాలి. అందుకే ఛార్జ్ తీసుకున్న రోజునే, మళ్లీ ఛార్జ్ అప్పగించే ఫైలు తెరవాలంటాం. అందులో ఏ తేదీన ఏ మార్పు చేశారు, ఎందుకు చేశారు, ముందు అంకె ఎంత, తర్వాత అంకె ఎంత, ఏది ప్రయత్నించి వదిలేశారు అన్నీ ఉండాలి. సంతకాలు, ఒప్పందాల గడువులు, లైసెన్సుల తేదీలు, ఆక్సిజన్ లెక్క ముందు పేజీలోనే ఉండాలి. నెలకోసారి డిప్యూటీ, నర్సింగ్ సూపరింటెండెంట్, స్టోర్స్ అధికారి ముగ్గురూ చదివి సంతకం పెట్టాలి. బదిలీ ఉత్తర్వు రేపే రావొచ్చు. అది వచ్చిన మర్నాడు కూడా సాయంత్రం 5 గంటలకు వార్డులో ఆ జాబితా రాస్తారా లేదా అన్నది ఈ ఫైలు మీదే ఆధారపడి ఉంటుంది.

[తెర మీద: వార్డు గడియారం 11. మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుని, కింది వరండాలోని స్ట్రెచర్ లోపలికి వస్తుంది.]