రాయగడ జిల్లా అడవి లెక్కను ఎలా చదవాలి

[తెరపై: గుణుపురం దాటిన తరువాత కొండదారి. ఒకవైపు గుగ్గిలం (సాల వృక్షం) అడవి, మరోవైపు వరుసలు తీర్చి నాటిన నీలగిరి (యూకలిప్టస్) తోట.]

నమస్కారం. పార్వతీపురం నుంచి ఒడిశాలోని రాయగడకు రైల్లో వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవారికి కొండలు పచ్చగానే కనిపిస్తాయి. ప్రభుత్వ నివేదికలు కూడా దాదాపు ఆ మాటే చెబుతున్నాయి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2021 నివేదిక ప్రకారం ఒడిశాలో అటవీ విస్తీర్ణం 52,156 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందరి నివేదికతో పోలిస్తే ఇది 537 చదరపు కిలోమీటర్లు పెరిగింది. అయితే సంతకు అడ్డాకులు, కరక్కాయలు, కొండచీపుర్లు తెచ్చే సవర, కొంధు గిరిజన స్త్రీలను కదిపితే, వాటి కోసం నడవవలసిన దూరం ఏటేటా పెరుగుతోందనే అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. అదెలాగో తెలుసుకోవాలంటే అడవిని ఎలా కొలుస్తారో చూడాలి, దానికన్నా ముందు ఇక్కడ ఏ అడవి ఉండేదో చూడాలి.

[తెరపై: పాత పటం. విశాఖపట్నం జిల్లా, జయపురం జమీందారీ.]

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు రాయగడ, గుణుపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీ కింద ఉండేవి. ఇక్కడి బజారులో నేటికీ తెలుగు వినిపించడానికి అదొక కారణం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో ప్రెసిడెన్సీలో అడవిమీద సర్కారు పెత్తనం గట్టిపడింది. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ వరకు రైలుమార్గం పూర్తయింది. పర్లాకిమిడి చిన్నరైలు గుణుపురం చేరింది కూడా ఆ ఏడాదే. కొండలోపలి కలపకు బయటి బజారుకు దారి దొరికింది. కాంక్రీటు స్లీపర్లు రాకముందు దేశంలో పట్టాల కింద పరచిన కలపలో గుగ్గిలానిది పెద్ద వాటా. కిలోమీటరు దారికి వెయ్యికి పైగా స్లీపర్లు కావాలి, అవి పుచ్చిపోయినప్పుడల్లా మళ్లీ కొత్తవి వేయాలి.

[తెరపై: అరచేతిలో గుగ్గిలం కాయ. దగ్గరి దృశ్యం.]

ఈ కాయను ఒక్క నిమిషం చూడండి. దీనికి ఐదు రెక్కలుంటాయి, మూడు పెద్దవి, రెండు చిన్నవి. మే చివరలోనో జూన్ మొదట్లోనో గాలికి గిరగిర తిరుగుతూ రాలుతుంది. గింజకు ప్రాణం ఉండేది వారం పది రోజులే. ఆ కొద్ది రోజుల్లో తొలకరి పడి, నేల తడిసి ఉంటేనే మొలకెత్తుతుంది, లేదంటే ఎండి చచ్చిపోతుంది. చింతగింజలాగా దాచుకుని వచ్చే ఏడు చల్లుదామంటే కుదరదు. మొలిచిన తరువాత కూడా మొక్క తేలిగ్గా పైకి లేవదు. నిప్పుకో, పశువుల మేతకో, ఎండకో పైభాగం చనిపోతుంది, వేరు మాత్రం బతికి మరుసటి వానకు మళ్లీ చిగురు వేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి చస్తూ లేస్తూ వేరు బలపడ్డాకే కాండం నిలదొక్కుకుంటుంది. నరికిన మొద్దు నుంచి పిలకలు రావడం నిజమే, కాని ఏటా నిప్పు తగిలే చోట వాటి గతీ ఇంతే. వందేళ్ల గుగ్గిలం అడవిని కొట్టినవారు దాన్ని ఒక పథకం పెట్టి ఐదేళ్లలో తిరిగి తేలేరని చెప్పడానికే ఇంత వివరం.

ఇక పోడు సంగతి. అడవి తరిగిందనగానే వేలు పోడు రైతు వైపు చూపడం అధికారులకూ, మనలాంటి పట్నవాసులకూ అలవాటైంది. పోడులో ఒక వాలును నరికి, కాల్చి, రెండు మూడేళ్లు కొర్రలు, సామలు, కందులు పండించి వదిలేస్తారు. పది పన్నెండేళ్లు ముట్టుకోకుండా వదిలిన వాలుమీద చెట్లు తిరిగి లేస్తాయి. ఒకవైపు రిజర్వు అడవుల హద్దులు, మరోవైపు జలాశయాలు, గనులు, వీటన్నిటికీ తోడు పెరిగిన జనాభా కలిసి, తిరగడానికి ఉన్న కొండలను తగ్గించినప్పుడు అదే రైతు మూడు నాలుగేళ్లకే పాత వాలుకు తిరిగి రాక తప్పలేదు. అంత త్వరగా గొడ్డలి, నిప్పు మళ్లీ తగిలిన చోట చెట్టు లేవదు, తుప్పలే మిగులుతాయి. పోడు చేసిన నష్టాన్ని కాదనను, కానీ ఆ నష్టానికి మొదటి కారణం పోడు కాదు.

[తెరపై: లారీలో నీలగిరి దుంగలు.]

1960ల నుంచి రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు నడుస్తోంది. మొదట్లో కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు అడవి వెదురు. తరువాత రైతుల పొలాల్లో పెంచే నీలగిరి, సరుగుడు, సుబాబుల్ వైపు మొగ్గారు. సహజమైన అడవిమీద భారం తగ్గించడానికి ఇది మెరుగైన దారే, రైతుకు నాలుగైదేళ్లకు చేతికి సొమ్ము వస్తుంది కూడా. చిక్కు తోట పెంచడంలో లేదు, ఆ తోటను ఏ పద్దులో రాస్తున్నామన్న దగ్గర ఉంది.

[తెరపై: ఉపగ్రహ చిత్రం. చిన్న చిన్న గడులు.]

అటవీ సర్వేక్షణ సంస్థ నిర్వచనం ఇది: కనీసం ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల నేలమీద, చెట్ల గొడుగు, అంటే పైనుంచి చూస్తే కనిపించే కొమ్మలు, ఆకుల కప్పు, కనీసం 10 శాతం కప్పి ఉంటే అది అడవి. ఆ భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్న పట్టింపు లేదు. ఉపగ్రహం చూసే గడి సుమారు 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఆ గడిలోకి వచ్చిన పచ్చదనం గుగ్గిలమా, నీలగిరా, జీడిమామిడి తోటా అన్నది ఈ లెక్కలోకి రాదు. అందువల్ల ఒక కొండమీద పాత అడవి పోయి, దిగువన పొలాల్లో అంతే విస్తీర్ణంలో నీలగిరి లేస్తే, నివేదికలో నష్టం సున్నా. అడ్డాకు తీగకు ఎక్కడానికి పెద్ద చెట్టు కావాలి, నాలుగేళ్లకోసారి నరికే తోటలో దానికి చోటు లేదు. సంతలోని స్త్రీల మాటకూ, నివేదికకూ పొంతన కుదరనిది ఇక్కడే. ఇంకొక సంగతి: 1987లో వచ్చిన మొదటి నివేదికకు వాడిన ఉపగ్రహ చిత్రాలు ఇప్పటికంటే చాలా మొరటువి. చిన్న తోపులు అప్పుడు కనిపించలేదు, ఇప్పుడు కనిపిస్తాయి. ఆనాటి అంకెను ఈనాటి అంకె పక్కన పెట్టి నేరుగా తీసివేత చేయడం సరికాదు.

ఈ జిల్లాలో నిలిచిన అడవి గురించి కూడా చెప్పాలి. నియమగిరి కొండలమీద బాక్సైటు (అల్యూమినియం ముడిఖనిజం) తవ్వకం విషయాన్ని గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పునిచ్చింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం 12 గ్రామసభలూ వద్దన్నాయి.

కొండమీద నేల ఎలా ఉందన్నది దిగువన ఉన్న తెలుగు జిల్లాలకూ సంబంధించిన విషయమే. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం తీరంలో సముద్రంలో కలుస్తాయి. చెట్ల గొడుగు, రాలిన ఆకుల పొర ఉన్న వాలుమీద వాన నీరు నేలలోకి ఇంకుతుంది; బోడి వాలుమీద మట్టిని కోసుకుని ఒక్కసారిగా దిగుతుంది. 2017 జూలైలో నాగావళి ఉపనది కల్యాణి వరదకు రాయగడ సమీపంలో రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఆ రోజు కురిసింది అసాధారణమైన వాన, అడవి ఉండి ఉంటే వరదే రాకపోయేదని ఎవరైనా అంటే నమ్మకండి. కాని మామూలు వానలకు తోటపల్లి, గొట్టా బ్యారేజీల వైపు కొట్టుకొచ్చే బురద విషయంలో వాలుమీద చెట్టు ఉందా లేదా అన్నది లెక్కకు వస్తుంది.

[తెరపై: నివేదికలో జిల్లాల పట్టిక. రాయగడ వరుసపై గీత.]

నివేదిక సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. రాయగడ వరుసలో మొత్తం విస్తీర్ణం అన్న గడిని కాసేపు పక్కన పెట్టండి. దానికి ముందు మూడు గడులున్నాయి: గొడుగు 70 శాతానికి తగ్గని చాలా దట్టమైన అడవి, 40 నుంచి 70 శాతం ఉన్న ఒక మోస్తరు దట్టమైన అడవి, 10 నుంచి 40 శాతం ఉన్న పలుచని అడవి. మొదటి గడిలో తగ్గి మూడో గడిలో పెరిగితే మొత్తం మారదు. ఆ తరువాత తుప్పల గడి ఒకటి విడిగా ఉంటుంది. 10 శాతం గొడుగు కూడా మిగలని నేల అందులోకి వస్తుంది, దాన్ని అడవి మొత్తంలో కలపరు. వరుసగా కొన్ని నివేదికలు తీసుకుని ఈ నాలుగు గడులను పక్కపక్కన రాసి చూడండి.