రొయ్యల సలాడ్‌లో నిమ్మరసం ఎప్పుడు కలపాలి?

వ్యాఖ్యాత: కాకినాడ నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. ఆదివారం మా ఆడపడుచు వాళ్లు భోజనానికి వస్తున్నారని రొయ్యలు, కీర దోసకాయ, ఎర్ర క్యాప్సికం, బత్తాయి తొనలతో సలాడ్ చేసి, పొద్దున్నే ఉప్పూ నిమ్మరసమూ కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నానికి అడుగున నీళ్లు చేరాయి, రొయ్యలు రబ్బరులా సాగాయి, కొత్తిమీర రంగు మాసిపోయింది, పైగా చేదు వచ్చింది.

నిపుణురాలు: రొయ్యలను ఎంతసేపు ఉడికించారమ్మా?

శ్రోత: పది నిమిషాలు ఉడికించి ఉంటానండీ.

నిపుణురాలు: అది పులుసుకు అలవాటైన చేతి లెక్క. పొట్టూ నల్ల నరమూ తీసిన మధ్యరకం రొయ్యలకు ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో రెండు నిమిషాలు, మహా అయితే మూడు నిమిషాలు చాలు. రొయ్య కొడవలిలా వంగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుంటే మించిపోయినట్టు. వెంటనే ఐసు నీళ్లలో వేసి, చల్లారాక బట్టతో తడి పూర్తిగా అద్దండి. తడి ఉంటే రసం పట్టదు. పచ్చి రొయ్యలో మాంసకృత్తు బిగించి ఉంచిన నారింజ వర్ణకం వేడికి విడివడి బయటపడుతుంది కాబట్టి, సలాడ్‌కు ఆ రంగును మనం తెచ్చిపెట్టనక్కరలేదు.

ఇక మిగిలిన తప్పులన్నీ వేళకు సంబంధించినవే. ఉప్పు కీరలోని నీటిని లాగుతుంది కనుక, గింజల భాగం తీసేసి, ముక్కలకు ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచి పిండేయండి. పులుపు తగిలిన ఆకుపచ్చ కాసేపటికే ముదురు పాచి రంగుకు తిరుగుతుంది కాబట్టి కొత్తిమీరను వడ్డించేటప్పుడే చల్లాలి. చేదు బత్తాయి వల్ల వచ్చింది: తొనల పైపొర, గింజలు తీయకపోయినా, పిండిన రసాన్ని నిలవ ఉంచినా చేదెక్కుతుంది.

శ్రోత: మరి పులుపు పాళ్లు ఎలాగండీ?

నిపుణురాలు: ఒక చెంచా నిమ్మరసం, రెండు చెంచాల బత్తాయి రసం, మూడు చెంచాల ఆలివ్ నూనె, చిటికెడు మిరియాల పొడి, చాలినంత ఉప్పు ఒక సీసాలో పోసి గట్టిగా గిలకొట్టండి. నిమ్మ తొక్క తురుము వేయదలిస్తే పై పసుపు పొర మాత్రమే తీయండి, తెల్లది చేదు. గానుగ నువ్వుల నూనె నాకు ఇష్టమే గానీ, ఇక్కడ అది రొయ్యను మింగేస్తుంది. దీన్ని వడ్డించడానికి అయిదు నిమిషాల ముందే కలపాలి.

శ్రోత: అసలు ఉడికించకుండా నిమ్మరసంలో నానబెడితే చాలని మా అబ్బాయి అంటున్నాడండీ.

నిపుణురాలు: పెరూ దేశంలో సెవిచే అని పచ్చి చేపను అలాగే నిమ్మరసంలో కలిపి తింటారు. పులుపుకు మాంసం తెల్లబడి, ఉడికినట్టే గట్టిపడుతుంది గానీ, సూక్ష్మజీవులన్నీ చస్తాయన్న భరోసా లేదు. హార్బరు నుంచి ఇంటికొచ్చేలోగా ఆ రొయ్య ఎంతసేపు ఎండలో ఉందో మనకు తెలియదు కదా, ఉడికించే తీరాలి.

శ్రోత: మిగిలితే రాత్రికి ఉంచవచ్చా?

నిపుణురాలు: ఉడికిన రొయ్యలు, కూరగాయలు, రసం విడివిడిగా ఫ్రిజ్‌లో ఉంటే రాత్రికి పనికివస్తాయి. కలిపినది మాత్రం ఆ పూటే తినేయండమ్మా.