గంటకు 400: హన్మకొండ ప్లే జోన్‌లో మా పిల్లలు ఏం నేర్చుకున్నారు?

అందరికీ నమస్తే. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వీడియోకు నాకెవరూ డబ్బులివ్వలేదు, టికెట్ నేనే కొన్నాను. ఆ చోటు పేరు మాత్రం చెప్పను. నేను చెప్పబోయే లోపాలు ఇక్కడ నేను తిరిగిన మూడు ప్లే జోన్లలోనూ కనిపించాయి. ఒక్కరి పేరు పెట్టి ఒక్కరినే తిడితే బాగుండదు.

మొన్న ఆదివారం ఎండ చూశారు కదా. మే నెలలో వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పిల్లలను తీసుకుపోవాలంటే పొద్దు గూకాల్సిందే. ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు, నాలుగేళ్ల పిల్ల, సోఫా మీది నుంచి ఒకటే దూకుడు. ఇక లాభం లేదని మా అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని బయల్దేరాం.

ఆదివారం పిల్లకు గంటకు 400, మామూలు రోజుల్లో 300. అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సులు తప్పనిసరి, జత 60. ఒక్కో పిల్లతో పెద్దవాళ్లు ఒకరు ఉచితం, కానీ సాక్సులు మాత్రం ఉచితం కాదు. లోపల కాలు పెట్టకముందే 1,040 అయింది. అత్తమ్మ ఆ సాక్సులు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తొడుక్కుంది. ఆమె ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్.

లోపలికి పోగానే ఎదురుగా పెద్ద గోడ. పై నుంచి కిందిదాకా ఏ, బీ, సీ, డీలు. ఒక పక్క అంకెలు, ఇంకో పక్క గ్రహాలు. మీద "ప్లే అండ్ లెర్న్" అని బోర్డు. తెలుగు అక్షరం ఒక్కటి లేదు, ఆ కోపం వేరే. నేను కూర్చున్న చోటు నుంచి ఆ గోడ బాగా కనిపిస్తుంది కాబట్టి ఎవరు ఆగుతారా అని చూస్తూనే ఉన్నాను. గంటలో ఇద్దరు ఆగారు. ఒకడు సాక్సు సరిచేసుకోవడానికి గోడను పట్టుకున్నాడు. రెండో పిల్లను వాళ్ల నాన్నే తెచ్చి నిలబెట్టి "ఏ ఫర్?" అంటున్నాడు. ఆ పిల్ల చూపంతా జారుడుబండ మీదే ఉంది.

గోడ పక్కన టచ్ స్క్రీన్ టేబుల్. ఏనుగు మీద నొక్కితే "ఎలిఫెంట్" అంటుంది, ఘీంకరిస్తుంది. మావాడు ఆ ఘీంకారం కోసమే వరసపెట్టి నొక్కాడు తప్ప పేరు వినలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల గురించి సూచనలిచ్చింది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 3 గంటలు కదులుతూ ఆడాలి, అందులో 1 గంటయినా ఊపిరి ఎగపోసేంతగా ఆడాలి, స్క్రీన్ 1 గంట దాటకూడదు. ఇంట్లో ఫోన్ మాన్పించాలనే కదా మనం ఇక్కడికి తెచ్చేది? తెచ్చి మళ్లీ స్క్రీన్ ముందు నిలబెట్టడానికి 400 ఎందుకు?

ఇప్పుడు అసలు చోటు చూపిస్తాను. మూలన, ట్రాంపొలిన్ వెనకాల, సగం మంది చూడనే చూడరు. చిన్న చెక్క కిరాణా కొట్టు. ప్లాస్టిక్ వంకాయలు, టమాటాలు, గుడ్డ సంచులు, ఖాళీ అట్టపెట్టెలు, రెండు పళ్లేల తరాజు. మా చిన్నది కొట్లో దూరి నిలబడింది. అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"సేటూ, వంకాయలెట్ల ఇస్తున్నవ్?"

"పది రూపాయలు."

"పదికెన్ని?"

కాసేపు ఆలోచించి, "మూడు" అంది.

"మూడేనా? నిన్న నాలుగిచ్చినవ్ గదనే."

"ఇయ్యాల ఎండకు ఎండిపోయినయ్ బాపమ్మా."

నేను నవ్వు ఆపుకోలేక కెమెరా కదిపేశాను, అందుకే ఈ క్లిప్ ఊగుతోంది. కానీ దీని తర్వాత జరిగింది చూడండి. పెద్ద అట్టపెట్టెను తరాజు ఒక పళ్లెంలో పెట్టింది. రెండో దాంట్లో చిన్న చెక్క దిమ్మ. పెట్టె పైకి లేచింది. చిన్నది ఆగిపోయింది. పెట్టె తీసింది, ఊపింది, మూత తెరిచి లోపలికి చూసింది, మళ్లీ పెట్టింది. మళ్లీ పైకే. ఇంకో పెట్టె తెచ్చి దాని మీద పెట్టింది. అయినా పైకే. "పెద్దది గదా!" అంది, ఎవరితోనో కాదు, దానితో అదే. అత్తమ్మ చెప్పబోయింది, నేను చెయ్యి నొక్కి ఆపాను. ఒక నిమిషం అటూ ఇటూ చూసి, ఇంకో దిమ్మ తెచ్చి పెట్టె లోపల వేసింది. పళ్లెం కిందికి దిగింది. దాని ముఖం చూడండి, నేను చెప్పాల్సిన పని లేదు.

అక్షరాల గోడ మీద ఇది ఎక్కడ రాస్తారు? అనుకుంది, కాలేదు, ఇంకోలా చేసి చూసింది. ఆ పైన లెక్క, బేరం, మాటకు మాట, కొట్టు కోసం వెనక నిలబడ్డ పిల్లకు వంతు ఇవ్వడం. అదంతా పావుగంటలో.

జాన్ పియాజే అని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరీక్ష ఒకటి ఉంది, మీరూ ఇంట్లో చేయొచ్చు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. సమానమేనా అని పిల్లను అడగండి. ఇప్పుడు ఒకదాంట్లోవి దాని కళ్ల ముందే సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి ఒంపండి. నాలుగైదేళ్ల పిల్లలు మామూలుగా పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయంటారు. మావాడు ఇప్పుడు "రెండూ ఒకటే మమ్మీ, తెలియదా?" అంటున్నాడు, చిన్నది వాడితో కొట్లాడుతోంది. చెప్పి ఒప్పించలేం. పోసి, ఒంపి, ఒలకబోసి, వయసుతో పాటు వాళ్లకే తెలియాలి. అందుకే ఇలాంటి చోట ఒక నీళ్ల తొట్టి ఉంటే ఎంత బాగుండేది! లేదు. నేల తడుస్తుంది, జారతారు, వాళ్ల బాధ వాళ్లది.

మన ఎల్‌కేజీ, యూకేజీలో ఉన్న "కేజీ" కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. ఫ్రోబెల్ అనే జర్మన్ ఆయన 1837లో మొదలుపెట్టిన బడి నుంచి వచ్చింది. పిల్లల చేతికి ఆయన ఇచ్చినవి ఊలు బంతులు, చెక్క దిమ్మలు. మన కేజీలో ఇచ్చేది నాలుగు గీతల నోట్‌బుక్. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకుని వచ్చిన మర్నాడే హోంవర్క్. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా ఆటలతోనే చదువు సాగాలంటోంది. పెన్సిల్ పట్టడానికి ముందు వేళ్లకు బలం రావాలి కదండీ. చపాతీ పిండి ముద్ద ఒకటి ఇచ్చి చూడండి.

సరే, దిమ్మల దగ్గరికి వద్దాం. ఫోమ్‌తో చేసిన పెద్ద దిమ్మలు. మావాడూ, పేరు కూడా అడగని ఇంకో పిల్లాడూ కలిసి మన వరంగల్ కోటలోని రాతి తోరణం కడుతున్నారు. రెండు వైపులా స్తంభాలు నిలబెట్టి అడ్డం పెట్టారు, జారి పడింది. ఒక వైపు మూడు దిమ్మలు, ఇంకో వైపు రెండున్నర. వాళ్లు అది కనిపెట్టేలోపే అక్కడ పనిచేసే అబ్బాయి వచ్చి అన్నీ తీసి షెల్ఫులో సర్దేశాడు. ఎందుకు తమ్ముడూ అంటే, "సార్ సీసీ కెమెరాల చూస్తడు మేడమ్, చిందరవందరగ ఉండొద్దంటడు." పాపం, అతన్ని అనేదేముంది? కానీ ఓనర్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, దయచేసి పిల్లలు కట్టింది గంట అయ్యేదాకా కూల్చొద్దు.

ఇక భద్రత. ట్రాంపొలిన్ మీద ఒకేసారి ఏడుగురు. ఒకరికి మించి ఎగిరినప్పుడే దెబ్బలు ఎక్కువని, అందులోనూ అందరికన్నా చిన్నవాళ్లకే ప్రమాదమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఎప్పటి నుంచో చెబుతోంది. పెద్ద పిల్లాడు దిగినప్పుడు చిన్నది బంతిలా ఎగిరిపడుతుంది. నేను చిన్నదాన్ని దింపేశాను, ఏడ్చింది, ఏడవనీ. ఇంకోటి, జారుడుబండ మీద పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకండి. దాని కాలు పక్క అంచుకు తట్టుకుని ఆగిందంటే, మన బరువంతా దాని మీద పడి ఎముక విరుగుతుంది. ఆ రోజు అక్కడ నలుగురు నాన్నలు అదే పని చేస్తున్నారు, ఫోన్‌లో వీడియో తీస్తూ.

మూడేళ్లలోపు పిల్లల మూలలో పూసల చట్రం నుంచి ఒక పూస ఊడి కింద దొరికింది. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేసే ముక్క ఏదైనా ఆ వయసు పిల్లల గొంతులో ఇరుక్కోవచ్చు. తీసి కౌంటర్‌లో ఇచ్చాను. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది ఇంట్లో కొనేవాటికి కూడా చూసుకోండి. బంతుల తొట్టి ఎప్పుడు కడుగుతారంటే "వీక్లీ మేడమ్" అన్నారు. అడుగున నాకు ఒక హెయిర్ బ్యాండు, సగం బిస్కెట్, ఎవరిదో ఒంటి సాక్సు దొరికాయి.

నాకు అన్నిటికన్నా కష్టం అనిపించింది టైమ్. మొదటి అరగంట పిల్లలు ఉత్త ఉరుకుడే, అది కావాలి కూడా. చిన్నది ఆ కొట్టును కనిపెట్టిందే నలభయ్యో నిమిషానికి. తరాజు సంగతి తేలిందో లేదో గంట అయిపోయిందని మైకులో పేరు పిలిచారు. ఇంకో అరగంటకు 200 అడిగారు, కట్టలేదు. కాబట్టి పోతే మామూలు రోజు పొద్దున పోండి, గుంపు ఉండదు. ఫోన్ సంచిలో పడేసి ఆ కొట్టు ముందు గిరాకీలా కూర్చోండి.

మార్కులు అడుగుతారు కదా. కొట్టుకు ఐదుకు ఐదు, దిమ్మలకు మూడు, ట్రాంపొలిన్‌కు ఒకటి. గోడకు సున్నా.

దారిలో ఆటోలో అత్తమ్మ అప్పుడు నోరు తెరిచింది. "వెయ్యి రూపాయలు వెట్టి లెక్కలు నేర్పిచ్చినవ్. ఇంట్ల ఓమనగుంటలు వెడితె రావా?" మాట నిజమే. పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతగింజలు, పంచడం, దోచుకోవడం, అంతా లెక్కే. ఇంట్లో మూడేళ్లలోపు పిల్ల ఉంటే మాత్రం చింతగింజలు పైన పెట్టండి. అన్నట్టు, నిర్మల్ బొమ్మలు మన తెలంగాణలోనే తయారవుతాయి, తేలికైన పొనికి కర్రతో. మూడు ప్లే జోన్లలో ఒక్కచోటా నాకొక చెక్క ఏనుగు కనిపించలేదు.

సోమవారం కూరగాయల బండి మా ఇంటి ముందుకు వచ్చింది. చిన్నది నాకంటే ముందు ఉరికింది. ఆయన కరెంటు కాంటా మీద వంకాయలు పెడుతుంటే కింద వంగి చూసి, "అన్నా, ఇంకో పళ్లెం ఏది?" అంది. ఆయనకు అర్థం కాలేదు. "ఏ దిక్కు లేస్తదో ఎట్ల తెలుస్తది మరి?" అని అడిగింది. ఆయన నవ్వి, కాంటా ముఖాన్ని దాని వైపు తిప్పి, మీద ఇంకో వంకాయ వేశాడు. అంకె మారింది. ఇది చేయి చాపి ఆ వంకాయ తీసేసింది. అంకె మళ్లీ మారింది. మళ్లీ వేసింది. నేను డబ్బులు చేతిలో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను.