జర్మన్ నేర్చుకోవడానికి ఇంటర్నెట్ ఒక్కటే సరిపోతుందా? ‘నికోస్ వేక్’ ఉచిత కోర్సు రివ్యూ

అందరికీ నమస్కారం. ఇంట్లో కూర్చుని జర్మన్ ఎంతవరకు నేర్చుకోవచ్చు, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు అనేది ఇవాళ మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వినడం, చదవడం, పదాలు, గ్రామర్, ఇవన్నీ ఉచితంగానే, అదీ చాలా మంచి క్వాలిటీతో దొరుకుతున్నాయి. మాట్లాడటం, రాయడం మాత్రం ఇంకో మనిషి విని, చదివి, తప్పు దిద్దితేనే కుదురుకుంటాయి. మీ దగ్గరున్న డబ్బు ఆ రెండింటి కోసం దాచుకోండి.

జర్మన్‌నే ఎందుకు తీసుకున్నానంటే, ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా అటు చూస్తున్నారు. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో జర్మనీ యూనివర్సిటీల్లో మన దేశం విద్యార్థులు 49 వేలు దాటారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువమంది మనవాళ్లే. 2024 జూన్ 1 నుంచి ఆపర్చ్యూనిటీ కార్డ్, అంటే అక్కడికెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా, వచ్చింది. దానికి ఏ1 స్థాయి జర్మన్ గానీ, బీ2 స్థాయి ఇంగ్లీష్ గానీ ఉండాలి. భాష ఎంత వచ్చో చెప్పే ఈ స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, ఆ తర్వాత ఏ2, బీ1, బీ2. నర్సింగ్ చేసినవాళ్లకైతే మామూలుగా బీ2 జర్మన్ అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపిస్తోంది.

ఇంత డిమాండ్ ఉన్నచోట ప్రకటనలూ అలాగే ఉంటాయి. “మూడు నెలల్లో బీ2 గ్యారంటీ” అని ఫోన్‌లో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. మొదటి నుంచి బీ2 దాకా రావడానికి 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 వరకు పడతాయని జర్మన్ నేర్పి, పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. తక్కువలో తక్కువ 600 అనుకున్నా 450 గంటలు. మూడు నెలలంటే ఆదివారాలు కూడా వదలకుండా రోజుకు 5 గంటల క్లాసు. హోంవర్క్ ఇందులో లేదు. ఉద్యోగం చేసుకుంటూ, డ్యూటీలు మార్చుకుంటూ చదివేవాళ్లకు ఇది కుదిరే పని కాదు. అలా ఆశ పెట్టి ఫీజు కట్టించుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అప్పు చేసి కడుతున్న ఇళ్లున్నాయి.

సరే, అసలు రివ్యూకి వద్దాం.

డాయిచె వెల్లె అని జర్మనీవాళ్ల అంతర్జాతీయ ప్రసార సంస్థ ఉంది. 1953లో మొదలైంది. వాళ్లు తయారుచేసిన ఉచిత కోర్సే ‘నికోస్ వేక్’, అంటే నికో ప్రయాణించిన దారి. ఏ1, ఏ2, బీ1 మూడు స్థాయిలకూ ఉంది. నికో అనే స్పెయిన్ కుర్రాడు జర్మనీలో విమానం దిగుతాడు. ఎయిర్‌పోర్ట్‌లోనే బ్యాగ్ పోతుంది. భాష అంతంతమాత్రం. అక్కడ ఎమ్మా అనే చిన్నపాప పలకరిస్తుంది, తర్వాత లీసా పరిచయమవుతుంది. అక్కడి నుంచి ఇల్లు, తిండి, పని, స్నేహాలు ఒక్కొక్కటిగా వస్తాయి. సిరియా నుంచి వచ్చిన సెల్మా అనే అమ్మాయి కూడా మనలాగే భాష నేర్చుకుంటూ ఉంటుంది.

కథ ఉంటే ఏమిటి లాభం అంటారా? పాఠంలో నేర్పే ప్రతి మాటకూ ఒక అవసరం ఉంటుంది. బ్యాగ్ పోయింది కాబట్టి బ్యాగ్ ఎలా ఉంటుందో చెప్పాలి. అడ్రస్ తెలియదు కాబట్టి దారి అడగాలి. పట్టికలో పదాలు బట్టీ పట్టినప్పుడు రాని జ్ఞాపకం ఇక్కడ సీన్‌తో పాటు వస్తుంది. ఒక్కో పాఠం చిన్న వీడియోతో మొదలవుతుంది. జర్మన్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చు. దాని కింద ఖాళీలు పూరించేవి, జతపరిచేవి, విని గుర్తుపట్టేవి, ఇలా అభ్యాసాలు. పదాల జాబితాలో ప్రతి పదానికీ ఆడియో ఉంటుంది. ఆ పాఠానికి కావలసిన గ్రామర్ విడిగా ఉంటుంది. ఏ1 వీడియోలన్నీ కలిపి గంటన్నరకు పైగా ఉండే సినిమాలాగా యూట్యూబ్‌లో కూడా పెట్టారు.

నేను ఎవరికైనా ఇలా చూడమని చెప్తాను. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా చూడండి, ఏమీ అర్థం కాకపోయినా టెన్షన్ పడొద్దు. రెండోసారి జర్మన్ సబ్‌టైటిల్స్‌తో చూడండి. మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి, అదే స్వరంతో పైకి అనండి. పైకి అనడం ముఖ్యం. ఇంట్లోవాళ్లు వింటారని సిగ్గుపడి మనసులో అనుకుంటే నోరు తిరగదు.

లోపాలు కూడా చెప్పాలి. వివరణలు ఇంగ్లీష్‌లో చదువుకోవాలి, కాబట్టి డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు గ్రామర్ పేజీలు కొంచెం బరువనిపిస్తాయి. అలాంటివాళ్లు గ్రామర్ వరకు తెలుగులో చెప్పే యూట్యూబ్ పాఠం ఒకటి చూసి, మళ్లీ ఇక్కడికి రావడం మంచిది. కథ బీ1తో ఆగిపోతుంది, బీ2 కావలసిన నర్సులకు ఆ తర్వాత వేరే దారి చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద లోటు, మీరు పలికింది సరిగ్గా ఉందో లేదో, మీరు రాసిన ఉత్తరంలో తప్పులేమిటో ఇది చెప్పలేదు.

ఉచ్చారణ గురించి ఒక్క నిమిషం. ఈ విషయంలో తెలుగువాళ్లకు మంచి ఆధారం ఉంది. జర్మన్‌లో హ్రస్వం, దీర్ఘం తేడా వస్తే అర్థమే మారిపోతుంది. ‘ష్టట్’ అంటే నగరం, ‘ష్టాట్’ అంటే రాజ్యం. ‘ఒఫెన్’ అంటే తెరిచి ఉన్నది, ‘ఓఫెన్’ అంటే పొయ్యి. ఒ, ఓ తేడా మనకు ఒకటో తరగతి నుంచే నోట్లో ఉంది. కష్టపడాల్సింది వేరే శబ్దాల దగ్గర. జర్మన్‌లో ‘నేను’ అనే మాట (ich) చివర వచ్చే శబ్దాన్ని మనవాళ్లు చాలామంది ‘ఇష్’ అనో, ‘ఇక్’ అనో లాగించేస్తారు. ‘య’ అనడానికి నాలుక ఎలా పెడతారో అలా పెట్టి, గొంతు మోగించకుండా గాలి మాత్రం వదలండి. అదీ ఆ శబ్దం. అలాగే రెండు చుక్కల ‘ఉ’ (ü) కోసం ‘ఈ’ అంటూ, నాలుక కదపకుండా, పెదాలు మాత్రం గుండ్రంగా చుట్టండి. అద్దం ముందు చేస్తే త్వరగా వస్తుంది. ఏ పదమైనా అక్కడివాళ్ల గొంతులో వినాలంటే ఫోర్వో అనే సైట్ ఉంది, చాలా పదాలు దొరుకుతాయి.

ఇక పదాలు. దీనికి నేను గట్టిగా చెప్పేది ఆంకి, పదాలను కార్డులుగా రాసుకుని గుర్తుపెట్టుకునే యాప్. కంప్యూటర్లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉచితం, ఐఫోన్‌కి మాత్రం డబ్బు కట్టాలి. నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. ఆంకి చేసే పని ఆ మరుపుతో పోరాటమే. మీకు బాగా వచ్చిన కార్డును దూరం జరుపుతూ, రాని కార్డును మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది.

కార్డు ఎలా తయారుచేస్తారన్న దాని మీదే అంతా ఉంది. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ డేర్, డీ, డస్ అనే మూడు ఆర్టికల్స్‌లో ఒకటి అంటుకుని ఉంటుంది. టేబుల్‌కి ‘టిష్’ అని ఒక్కటే రాసుకుంటే ఆ కార్డు వల్ల సగం పనే అవుతుంది. ‘డేర్ టిష్, డీ టిషె’ అని ఆర్టికల్‌తో పాటు బహువచనం కూడా రాయండి. దానికి ఒక చిన్న వాక్యం, ఆడియో జోడించండి. డేర్‌కి నీలం, డీకి ఎరుపు, డస్‌కి ఆకుపచ్చ పెట్టుకుంటే కొన్నాళ్లకు పదం తలుచుకోగానే రంగు గుర్తొస్తుంది. ఎవరో చేసిన ఐదు వేల పదాల కార్డుల కట్ట (డెక్) దించుకోవడం కంటే, మీరు నికో పాఠంలో విన్న పది పదాలతో మీ చేత్తో చేసుకున్న కార్డులే మేలు. ఏ సీన్‌లో విన్నారో మీకు తెలుసు కదా.

డ్యూలింగో గురించి అడిగేవాళ్లు చాలామంది. అలవాటు చేయడానికి బాగుంటుంది, రోజూ తెరిపిస్తుంది. బస్సులో పది నిమిషాలు దొరికితే చేయండి. దాని మీదే ఆధారపడి పరీక్షకు వెళ్లొద్దు, ఎందుకంటే ఎక్కువ భాగం ముందున్న మాటల్లోంచి ఎంచుకోవడమే. పరీక్షలో, ఆసుపత్రిలో ఎవరూ మన ముందు మాటలు పేర్చిపెట్టరు.

వినడం కోసం ఇంకో రెండు ఉన్నాయి. డాయిచె వెల్లె వాళ్లే నెమ్మదిగా చదివే వార్తలు పెడతారు, పక్కనే వార్త మొత్తం అక్షరాల్లో ఉంటుంది. బీ1 దాటాక చాలా ఉపయోగం. ఈజీ జర్మన్ అనే యూట్యూబ్ ఛానల్లో వీధిలో వెళ్లేవాళ్లను ఆపి ప్రశ్నలడుగుతారు. జర్మన్, ఇంగ్లీష్ రెండు సబ్‌టైటిల్స్ ఒకేసారి కనిపిస్తాయి. పాఠాల్లో వినిపించే శుభ్రమైన జర్మన్‌కీ, మనుషులు మింగేస్తూ మాట్లాడే జర్మన్‌కీ ఎంత దూరం ఉందో ముందే తెలిస్తే అక్కడికెళ్లాక బెంబేలు పడరు.

రాయడానికి వద్దాం. చాలామందికి తెలియని ఒక మంచి వెబ్‌సైట్ ఉంది, ఫావ్‌హాఎస్ లెర్న్‌పోర్టాల్ (vhs-Lernportal). జర్మనీలోని వయోజన విద్యాకేంద్రాల సంఘం నడుపుతోంది. ఉచితం. మీరు సొంతంగా రాసిన చిన్న ఉత్తరాలను అక్కడి ట్యూటర్లు చదివి దిద్దుతారు. ఏఐ చాట్‌లకు ఇచ్చినా తప్పులు వెంటనే చూపిస్తాయి, అది కూడా వాడుకోండి. అయితే అవి మీ వాక్యాన్ని అందంగా మార్చేసి ఇస్తాయి, అది చదివి మనకు వచ్చేసిందనిపిస్తుంది. కాబట్టి “దిద్దకు, తప్పు ఏ లైన్‌లో ఉందో మాత్రం చెప్పు” అని అడగండి. దిద్దుకునే పని మీరే చేయండి. అది ఇచ్చే గ్రామర్ వివరణ ఒక్కోసారి తప్పు కూడా ఉంటుంది, పుస్తకంలో సరిచూసుకోండి.

మాట్లాడటమే అసలు కష్టం. టాండెమ్ లాంటి యాప్‌లలో ఒకరి భాష ఒకరు నేర్పుకోవచ్చు. తెలుగు నేర్చుకోవాలనుకునే జర్మన్లు దొరకడం అరుదు, కాబట్టి మనం ఇచ్చేది ఇంగ్లీష్ అవుతుంది. టైం చూసుకోండి. వేసవిలో జర్మనీ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. మనకు రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో వాళ్లకు సాయంత్రం ఆరు, ఆఫీసు అయిపోయే వేళ. ఆడపిల్లలు ఈ యాప్‌లలో ఫోన్ నంబర్, ఇన్‌స్టా ఇవ్వకుండా యాప్ లోపలే మాట్లాడటం మంచిది.

డబ్బు పెట్టేది ఇక్కడే. ఐటాకీ లాంటి చోట్ల టీచర్‌ను మనమే ఎంచుకోవచ్చు, రేటు ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు. వారానికి ఒక్క అరగంటైనా ఒక్కరితో ఒక్కరు కూర్చుంటే, ఆ అరగంటా నోరు మీదే. ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరేవాళ్లు ఫీజు కట్టే ముందు రెండు విషయాలు కచ్చితంగా అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది? నేను రాసింది ఎవరు దిద్ది ఇస్తారు? యాభైమందిని మ్యూట్‌లో పెట్టి స్లైడ్లు చదివే క్లాసుకు డబ్బు కట్టడం వృథా, ఆ స్లైడ్లలో ఉన్నది మీకు ఉచితంగానే దొరుకుతుంది. అలాగని ఆన్‌లైన్ టీచర్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. ఎనిమిదిమందితో బ్యాచ్ పెట్టి, ఒక్కొక్కరి చేత మాట్లాడించి, రాత్రి కూర్చుని హోంవర్క్‌లు దిద్దే మంచి తెలుగు టీచర్లు ఉన్నారు. అలాంటివాళ్లకు ఇచ్చే ఫీజు పూర్తిగా న్యాయం.

చివరగా పరీక్ష. గోథే మోడల్ పేపర్లు, ఆడియోలతో సహా, వాళ్ల సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. ఎవరికీ డబ్బిచ్చి కొనొద్దు. ఏ1లో 100కి 60 వస్తే పాస్. మాట్లాడే భాగంలో మొదట మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవాలి. పేరులో అక్షరాలు ఒక్కొక్కటిగా జర్మన్‌లో చెప్పమంటారు. మనవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే మన పేర్లు పొడవు. ఇంగ్లీష్ ‘వీ’ని వాళ్లు ‘ఫౌ’ అంటారు, ‘డబ్ల్యూ’ని ‘వే’ అంటారు. వెంకటేశ్వర్లు గారైతే ఫౌ, ఏ, ఎన్, కా, ఆ, టే, ఏ, ఎస్, వే, ఆ, ఎర్, ఎల్, ఊ. పేరులో ‘జే’ ఉంటే ‘యొట్’, ‘వై’ ఉంటే ‘యుప్సిలోన్’. మీ పేరు, ఇంటిపేరు, ఫోన్ నంబర్, ఈ మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ప్రాక్టీస్ చేయండి.

ఇంతకుముందే కొంత జర్మన్ వచ్చినవాళ్లు మొదటి పాఠం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. డాయిచె వెల్లె సైట్‌లో ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంది, రాసి మీ స్థాయి తెలుసుకుని అక్కడి నుంచి వెళ్లండి. నేను చెప్పిన వాటన్నిటి లింకులూ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. బీ1 అయిపోయి బీ2కి చదువుతున్న నర్సులు మీకు ఏ భాగం కష్టంగా ఉందో రాయండి, వచ్చే వీడియో ఆసుపత్రి జర్మన్ మీద చేస్తున్నాను.