గుంతకు ఒక పక్క దారి వదలండి

అందరికీ నమస్కారం. క్వారీలు నడిపే అన్నలు, అక్కడ పనిచేసే తమ్ముళ్లు, గుట్ట పక్కన పొలాలున్న రైతులు ఈ రోజు పలమనేరులో ఒక్కచోట కూర్చున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు ఒక దుప్పి సంగతి చెప్తాను. మా ఊరి పక్కన రాయి తీసి వదిలేసిన గుంత ఒకటుంది. ఎండాకాలంలోనూ అడుగున నీళ్లుంటాయి. నీళ్ల కోసం వచ్చిన దుప్పి రాత్రిపూట అందులో పడింది. పొద్దున మేం వెళ్లేసరికి ప్రాణం లేదు. వైరుతో కోసిన గోడ సిమెంటు పూసినంత నున్నగా ఉంది. దాని మీద నా నడుమెత్తున గిట్టల గీతలు, తెల్లగా, ఒకదాని మీద ఒకటి. మూడు గోడలకూ ఉన్నాయి. నాలుగో పక్క టిప్పర్లు దిగిన దారి. పని ఆపేసినప్పుడు అక్కడ పెద్ద పెద్ద వేస్టు బండలు అడ్డం వేసి మూసేశారు. ఆ దారి ఉంటే దుప్పి నడిచి బయటికొచ్చేది.

"మాది చిన్న క్వారీ, 5 హెక్టార్లు కూడా లేదు" అంటారు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అంత చిన్న లీజుకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. అభయారణ్యం హద్దు నుంచి కిలోమీటరు లోపల గనులు కూడదని 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు చెప్పింది. మనకు పక్కనే కౌండిన్య అభయారణ్యం ఉంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. రోజుకు 100 లీటర్లకు పైగా నీళ్లు తాగే జంతువు, వంకల వెంబడి నీళ్లు వెతుక్కుంటూ తిరుగుతుంది. వంకలో వేస్టు పోసి మూస్తే పక్కనున్న మామిడి తోటలోకి దిగుతుంది. ఆ తర్వాత సంగతి ఇక్కడి రైతులకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. గుండ్ల మధ్య సందులు ఖాళీ జాగా అనుకుంటాం. పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలోని ఇలాంటి రాతిగుట్టల్లో, పొదల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శేషాచలంలోని బంగారు బల్లి రాతి సందుల్లోనే గుడ్లు అంటించి పెడుతుంది. గుంత పూడ్చి తంగేడు, రేల, నేరేడు నాటొచ్చు. ఆ సందును మాత్రం మనం తిరిగి కట్టలేం. అన్నా, పగుళ్లున్న రాయి మీ బ్లాకుకు ఎలాగూ పనికిరాదు కదా! లీజులో అలాంటి మూలను ముట్టుకోకుండా వదిలేయండి. మీకు పోయేది పెద్దగా ఏమీ లేదు, వాటికి అదే ఇల్లు.

రాత్రి పని, రాత్రి లైట్లు ఆపండి. పైమట్టిని వేస్టులో కలపకుండా వేరే కుప్ప వేయండి. గుంతకు ఒక పక్క దారి వదిలి, మిగతా అంచున వేస్టు రాళ్లతోనే గోడ కట్టండి.

వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు మేం ఆ దుప్పి పడిన గుంత దగ్గర ఉంటాం. దారికి అడ్డం వేసిన బండలు తీయడానికి ఒక హిటాచీ, ఒక్కరోజు డీజిలు కావాలి. ఎవరిస్తారో ఇంటికి వెళ్లేలోపు నాతో చెప్పండి.